గడ్డే కదా అనుకోకండి.. పేరు చెప్పండి చూద్దాం!

బోటనీలో మార్కులు బాగానే వచ్చాయి. ఫీల్డ్ ప్రాజెక్టు ఇంటర్వ్యూకి వెళ్లారు. బల్ల మీద ఎండిన గడ్డి దుబ్బు ఒకటి పెట్టి ‘ఇదేంటి?’ అన్నారనుకోండి. ‘పోయేసీ కుటుంబం సార్’ అని ఆగిపోతే ఎలా? ఆ మాత్రం వాళ్లకీ తెలుసు!

పక్షుల పేర్లు చెప్పే కుర్రాళ్లు బోలెడుమంది. గడ్డిని గుర్తుపట్టేవాళ్లు మాత్రం అరుదు. కాబట్టి ఒక్క గడ్డితో మొదలుపెట్టండి: హెటెరోపోగాన్ కంటార్టస్. ఇంగ్లిష్‌లో స్పియర్ గ్రాస్. పేరు కొత్తగా ఉన్నా మీకిది పాత పరిచయమే. వానలు వెనకబట్టాక ఊరి గుట్ట ఎక్కితే ప్యాంటు నిండా గుచ్చుకుని, ఎంత పీకినా రానిది చాలాచోట్ల ఇదే.

ముందు మొదలు చూడండి. దుబ్బును పీకొద్దు, వేళ్లతో విడదీయండి. పోయినేటి ఎండు ఆకుల తొడుగులు, పాత కాడల మోళ్లు కనిపిస్తే అది బహువార్షికం. ఏకవార్షిక గడ్డికి ఈ పాత సామాను ఉండదు. తర్వాత కాడ అడుగున వేలితో నొక్కి చూడండి. ఆకు తొడుగులు గుండ్రంగా కాక, బల్లపరుపుగా నొక్కుకుని ఉంటాయి.

అసలు గుర్తు కంకిలో ఉంది. కాడ చివర ఒకటే కంకి. అందులో కింది భాగం మీసాల్లేకుండా పచ్చగా, పెంకులు పేర్చినట్టు ఉంటుంది. పైభాగంలోని గింజలకు ముదురు గోధుమరంగు మీసాలు. ముదిరాక ఈ మీసాలన్నీ ఒకదానికొకటి మెలిపడి జడలా అల్లుకుంటాయి. ‘కంటార్టస్’ అంటే మెలితిరిగినదనే. నమ్మకం కుదరకపోతే ఒక గింజను అరచేతిలో పెట్టి నీటిచుక్క వేయండి. మీసం మెలి విప్పుకుంటూ కాసేపట్లో తిరగడం మొదలెడుతుంది. ఎండితే మళ్లీ మెలిపడుతుంది. గింజ మట్టిలోకి దిగేది ఇలాగే. గొర్రెల ఉన్నిలో చిక్కుకుని చర్మంలోకి దిగేదీ ఇలాగే. అందుకే లేతగా ఉన్నప్పుడు మంచి మేత, కంకి ముదిరితే కాపరికి తలనొప్పి.

పొరపడేది ఎక్కువగా అరిస్టిడాతో. దాని గింజకు మూడు మీసాలు, త్రిశూలంలా. దీనికి ఒక్కటే. థెమెడాలో అయితే కంకులు ఆకులాంటి తొడుగుల మధ్య గుత్తులుగా ఉంటాయి.

పేరు తెలిస్తే ఏమొస్తుంది? నేల ఎలా ఉందో తెలుస్తుంది. మన దక్కన్ పచ్చికబయళ్లను దబడ్‌ఘావ్, శంకరనారాయణన్ 1973లో ‘సెహిమా-డైకాంథియం’ రకంగా వర్గీకరించారు. మేత ఒత్తిడి పెరిగితే మేలైన సెహిమా తగ్గి, హెటెరోపోగాన్ పెరుగుతుంది. ఇంకా ముదిరితే అరిస్టిడా వస్తుంది. ఇవేవీ తెలియనివాళ్లకు అదంతా బంజరే. గుంతలు తవ్వి మొక్కలు నాటేస్తే ‘పచ్చదనం’ పెరిగిందని రిపోర్టు రాయొచ్చు, కానీ బట్టమేక పిట్ట లాంటివి బతికేది తెరపి ఉన్న గడ్డిలో. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రకటించింది ఆ పిట్ట కోసమే. ఇక్కడ చెట్లు నాటొచ్చా, గడ్డినే ఉంచాలా అని సర్వే బృందం తేల్చాలంటే గడ్డి చదవగలిగినవాళ్లు ఒక్కరైనా ఉండాలి.

హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం, ఝాన్సీలోని పశుగ్రాస పరిశోధన సంస్థ, దెహ్రాదూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్లలో ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు చూస్తూ ఉండండి. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్లతోపాటు మీరే సేకరించిన పది గడ్డి షీట్లు పట్టుకెళ్లండి. నా లెక్కలో ఇంకో ఆన్‌లైన్ కోర్సు కంటే అవే నయం. అభయారణ్యాల్లో మాత్రం అనుమతి లేకుండా సేకరించకండి. ఊరి బీళ్లు చాలు.

పదింతలు చూపే హ్యాండ్ లెన్స్, పాత పేపర్లు, పెన్సిల్ ఉంటే సరిపోతుంది. లేబుల్ మీద తేదీ, చోటు, నేల రకంతోపాటు ‘బహువార్షికం, దుబ్బుగా’ అని అక్కడికక్కడే రాసేయండి. ఇంటికొచ్చాక ఒట్టి కంకి చూసి ఆ సంగతి ఎవరూ చెప్పలేరు.