ఎముకల్లో నారుమడి

తొలకరి రోజుల్లో పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళకు వెళితే నారుమళ్ళు చూడవచ్చు. ఒక మూల చిన్నమడిలో పోసిన నారే ఊడ్పులనాటికి చేలన్నిటికీ సరిపోతుంది. మన ఎముకల్లోని మూలుగ అలాంటి మడే. అక్కడి మూలకణాల నుంచే ఎర్రకణాలు, తెల్లకణాలు పుడతాయి. వైరసు సోకిన కణాలను వేటాడే ‘సహజ హంతక కణాలు’ కూడా ఆ నారే.

ఈ నారు ఎదగాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండాలి. స్ప్రూ అనే జబ్బులో పేగులు దాన్ని పీల్చుకోలేవు. కణాలు సరిగా విభజన చెందవు, రక్తం తగ్గిపోతుంది. పాలకొల్లు పక్కనే, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో స్ప్రూతోనే పోయారు. ఆయనకూ వచ్చింది గాని బతికి బయటపడ్డారు. తరవాత అమెరికా వెళ్ళారు. అక్కడ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూకు మందు దొరికింది, సోదరులకు మాత్రం అందలేదు.

మరి మడిలో కలుపు పెరిగితే? రక్తకాన్సరు అలాంటిదే. ఆ కణాలకూ ఫోలిక్ ఆమ్లమే కావాలి. అందుకని అచ్చం దానిలాగే ఉండి కణాలను మోసగించే అమినోప్టెరిన్‌ను ఆ బృందమే తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి చూస్తే 10 మందికి, తాత్కాలికంగానే అయినా, జబ్బు తగ్గింది. ఈ ఫలితాలు వెలువడిన 1948లోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందుకు తమ్ముడులాంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అయితే దానికి నారేదో కలుపేదో తెలియదు. అందుకే డాక్టర్లు మోతాదు అంత జాగ్రత్తగా లెక్కకట్టి, రక్తపరీక్షలు మళ్ళీమళ్ళీ చేయిస్తారు.