పేడే పెట్టుబడి... గ్యాసే రాబడి!

బే ఏరియా నుంచి లాస్ ఏంజెలెస్‌కు కారులో వెళ్లే మనవాళ్లకు సెంట్రల్ వ్యాలీ పేడ వాసన కొత్తేమీ కాదు. అద్దాలు ఎక్కించేసి ముందుకు సాగిపోతారు. ఆ పేడే ఇప్పుడక్కడ ఇంధనమైంది. ట్యులేర్, కెర్న్ కౌంటీల్లోని చాలా డెయిరీల్లో పేడనీళ్లు నిలిచే మడుగులపై పెద్ద ప్లాస్టిక్ షీట్లు కప్పి, లోపల పుట్టే మీథేన్‌ను పట్టేస్తున్నారు. శుద్ధి చేసి పైపులైన్లలోకి పంపి, లారీలకు ఇంధనంగా వాడుతున్నారు.

చట్టమే కారణం

పశువుల వల్ల వచ్చే మీథేన్‌ను 2030 కల్లా 2013 నాటికంటే 40 శాతం తగ్గించాలని కాలిఫోర్నియా 2016లో చట్టం చేసింది. వందేళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే మీథేన్ సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది మరి! అమెరికా మొత్తంమీద పేడతో నడిచే ప్లాంట్లు 2023 నాటికే 300 దాటాయి. అయితే ఈ రాయితీలతో పెద్ద డెయిరీలు మరింత పెద్దవవుతాయని, తమకు కంపు, కాలుష్యం తప్పవని చుట్టుపక్కలవారి గోడు.

మన గోబర్ గ్యాసే!

సూత్రం మనకు తెలిసిందే. గాలి తగలని తొట్టిలో సూక్ష్మజీవులు పేడను కుళ్లబెడితే గ్యాస్ వస్తుంది. భారత ప్రభుత్వం 1981-82లోనే జాతీయ పథకం పెట్టింది. ఇనుప డ్రమ్ము అవసరం లేని 'దీనబంధు' నమూనా 1984లో వచ్చింది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. నలుగురైదుగురున్న ఇంటికి వంట గడిచిపోతుంది. మిగిలిన స్లర్రీ పొలానికి మంచి ఎరువు. అమెరికాలో చలి ప్రాంతాల్లో తొట్టిని వేడిచేయాలి. మనకా ఖర్చు లేదు, ఎండే చాలు!

ఊళ్లో కట్టిద్దామా?

సొంతూరికి ఏదో ఒకటి చేద్దామనుకునేవారికి ఇది మంచి ఆలోచనే. కానీ డాలర్లు పంపేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. ట్రాక్టర్లొచ్చాక ఎడ్లు పోయిన ఊళ్లో చాలినంత పేడ ఉందా? వేసవిలో నీళ్లుంటాయా? రోజూ పేడ కలిపేదెవరు? ఆ చాకిరీ మళ్లీ ఆడవాళ్ల నెత్తినే పడుతుందా? పాడైతే బాగుచేసే మేస్త్రీ దగ్గర్లో ఉన్నాడా? వీటికి జవాబుల్లేకనే ఎన్నో ప్లాంట్లు మూలనపడ్డాయి. ఇంటికో గేదె ఉన్నచోట నాలుగైదు ఇళ్లకు కలిపి ఒకటి కట్టడం మేలు.

ముందు ఊళ్లో ఉన్న అమ్మకో, వదినకో ఫోన్ చేయండి. కొట్టంలో పశువులెన్నున్నాయో అడగండి. చెక్కు సంగతి తర్వాత!