ఆటిజం బిడ్డ తల్లికి నిద్రే తొలి ఔషధం

“కడుపుతో ఉన్నప్పుడు నేనేమైనా తప్పు చేశానా, డాక్టరుగారూ?” ఆటిజం గల బిడ్డను నా వద్దకు తెచ్చే తల్లులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. లేదు తల్లీ! తల్లి ప్రేమ కొరవడుటవల్ల ఆటిజం వచ్చునన్న వాదం పాశ్చాత్యదేశాలలో కొంతకాలం చెలామణి అయినది. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ తన గ్రంథంలో దానిని ఖండించారు. ఇది మెదడు ఎదుగుదలలోని భేదం. దీనిని పూర్తిగా మాన్పే మూలిక లేదు, ఉందనేవారిని నమ్మవద్దు.

నేను తల్లి నాడి కూడా చూస్తాను. ఇట్టి పిల్లలలో చాలామందికి నిద్ర తక్కువ. తల్లికి అంతకంటె తక్కువ. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరాన్ని నిలిపే మూడు ఉపస్తంభాలని చరక సంహిత చెబుతున్నది. నిద్ర చెడితే వాతం ప్రకోపించి ఒళ్ళునొప్పులు, తలపోటు, చిరాకు కలుగుతాయి.

ఇంటివారు చేయవలసినవి:

1. వారానికి మూడు రాత్రులైనా తండ్రిగాని, నాయనమ్మగాని బిడ్డ వద్ద పడుకోవాలి. ఆమెను వేరే గదిలో నిద్రపోనివ్వాలి.

2. పడుకునే ముందు ఆమె అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించాలి.

3. ఆమె వేళకు వేడి అన్నం తినేటట్లు చూడాలి. బిడ్డ వదిలిన ముద్దలు భోజనం కావు.

4. “నీవల్లే ఇలా పుట్టాడు” అన్న మాట ఆ ఇంట వినబడరాదు.

దిగులు రెండు వారాలు దాటినా, బ్రతుకు మీద విరక్తి కలిగినా కషాయాలతో కాలయాపన చేయక మానసిక వైద్యుని చూడాలి. టెలిమానస్ 14416కు ఫోను చేయవచ్చు. తల్లి కోలుకుంటేనే బిడ్డకు ఆసరా.