మోటారుకారు ఇంజను – నీటి పంపు, బెల్టు

నూతి గట్టున ఆయిలు ఇంజను నిలిపి, దాని చక్రమునుండి పంపు చక్రమునకు బెల్టు తగిలించి పొలమునకు నీరు తోడించినవారు మీలో పెక్కుమంది కలరు. ఆ రెండు చక్రములును ఒక్క సూటిని లేనిచో బెల్టు జారిపోవుట మీరెరిగినదే. నేటి నా ప్రసంగము మోటారుకారు పంపును గూర్చినదైనను, ఆ సూత్రమే యచ్చటను వర్తించును.

కారు పంపు రేడియేటరు అడుగునుండి చల్లారిన నీటిని లాగికొని, సిలిండర్ల చుట్టునుగల సందులలో త్రిప్పి, మరల రేడియేటరు పైభాగమునకు చేర్చును. ఈ ప్రదక్షిణము నిలిచినచో కొలది నిమిషములలోనే ఇంజను కాగి, సిలిండర్ల పైమూత వంగును, లేదా పగులును. ఇంజను కొన్న వెలయంతయు బూడిదలో పోసినట్లే.

అమెరికాలో పాతకార్లలో వేరు ఇంజను నమర్చి, తమ యిచ్చవచ్చిన రీతిని తీర్చుకొనువారు అనేకులు. వారు తరచుగా ఎన్నుకొనునది షెవర్లె కంపెనీ 1955లో వెలువరించిన ఎనిమిది సిలిండర్ల ఇంజను. మొదటి కార్లలో దీనికి పొట్టి పంపు ఉండెను. 1969 నుండి చాల కార్లకు పొడుగు పంపు వచ్చెను. రెండును అవే బోల్టులతో ఇంజనుకు బిగియును. చిక్కంతయు నిచ్చటనే యున్నది! పంపు బిగిసినదిగదా యని సంతోషించినవాడు బెల్టు వేయబోవుసరికి, పుల్లీ ఒక అంగుళమునకు మించి ముందువెనుకలై యుండును. క్రాంకు పుల్లీయు, ఆల్టర్నేటరును పట్టియుంచు ఇనుప పట్టీలును పంపు జాతికి చెందినవే కావలెను. కావున ముందుగా ఇంజనుకును రేడియేటరుకును నడుమ ఎంత చోటున్నదో కొలిచి, పిదప పంపును, దానితోడనే తక్కిన సామగ్రిని ఒకే జట్టుగా కొనవలెనని నా యభిప్రాయము. వేర్వేరు అంగళ్లలో చౌకగా దొరికినవానిని కూర్చి మురియువారిని నేనెరుగుదును. ఆ బేరమును బెల్టులే తినివేయును.

ఇక తిరుగు దిశ. పాత పద్ధతిలో కోసుగానుండు బెల్టు లోపలి వైపుతోనే పంపును త్రిప్పును. తరువాత వచ్చిన వెడల్పాటి చాళ్ల బెల్టు ఒక్కటే పాము వలె అన్ని పుల్లీలను చుట్టివచ్చును. దాని వీపు పంపు పుల్లీని తాకు అమరికలో పంపు ఎదురు దిశను తిరుగును. అందులకు ప్రత్యేకమైన పంపులు కలవు. చూపునకు కవలలవలె నుండును. ఒకదానికి బదులు మరియొకటి వేసినచో నీరు బొత్తిగా నిలువదు, కొంత నడచును. ఆ కొంతయే మోసము! నింపాదిగా పోవునపుడు అంతయు బాగుగానే యుండి, మండుటెండలో మిట్ట యెక్కునపుడు ఇంజను కాగును. యజమాని రేడియేటరును నిందించును. పంకా పంపు ఇరుసునకే యున్నచో దాని రెక్కల వంపును ఆ దిశకు సరిపోవలెను.

వేగము పుల్లీల కొలతలనుబట్టి యుండును. క్రాంకు పుల్లీ 6 అంగుళములు, పంపు పుల్లీ 5 అంగుళములు అయినచో, ఇంజను 1000 చుట్లు తిరుగునప్పుడు పంపు 1200 తిరుగును. వీథులలో ఆగుచు సాగుచు పోవు కారుకు ఇట్టిది మేలు. పందెపు కారుకు పంపు నెమ్మదిగా తిరుగుటయే మంచిది. మితిమీరిన వేగమున నీటిలో ఆవిరి బుడగలు పుట్టి రెక్కలను కొరికివేయును.

కోసు బెల్టును బొటనవ్రేలితో నొక్కినపుడు సుమారు అర అంగుళము దిగవలెను. అంతకంటె బిగించినచో బేరింగు చెడును. పంపు అడుగున ఒక చిన్న రంధ్రముండును. దానినుండి నీరు కారుట చూచి మైనముతో మూయువారు కలరు, మూయవలదు. లోపలి సీలు చెడినదని తెలుపుటకే ఆ రంధ్రము పెట్టబడినది. అచ్చట నీరు కారుట కనబడినచో పంపును మార్పింపవలెను.