టామ్ అండ్ జెర్రీ: రెండు కార్టూన్లు లేవని డిస్క్ సెట్టే ఆగిపోయింది.. అసలేం జరిగింది?

టామ్ అండ్ జెర్రీ చూడాలంటే ఇప్పుడు ఫోన్ తీస్తే చాలు. క్లిప్పులకు లెక్కే లేదు. మరి అమెరికాలో కొందరు ఇప్పటికీ డబ్బులు పోసి డీవీడీలు, బ్లూ-రే డిస్కులు ఎందుకు కొంటున్నారు? పైగా ఒక సెట్‌లో రెండంటే రెండు కార్టూన్లు లేవని గొడవ చేసి, దాని రిలీజే ఆగిపోయేదాకా ఎందుకు ఊరుకోలేదు?

ముందు లెక్క చూద్దాం. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా కలిసి ఎంజీఎం స్టూడియోలో 1940 నుంచి 1958 వరకు 114 టామ్ అండ్ జెర్రీ కార్టూన్లు తీశారు. ఒక్కోటి ఏడెనిమిది నిమిషాలు. ఇవి టీవీ కోసం తీసినవి కావు, థియేటర్లో సినిమాతో పాటు వేయడానికి తీసినవి. వీటిలో ఏడింటికి ఆస్కార్ వచ్చింది. తర్వాత వేరేవాళ్లు తీసినవీ ఉన్నాయి కానీ, కలెక్టర్లు ప్రాణం పెట్టేది ఈ 114 మీదే. అన్నీ వరుసగా, ఒక్క కోత లేకుండా తమ దగ్గర ఉండాలి. అంతే వాళ్ల కోరిక.

2011లో వార్నర్ బ్రదర్స్ 'గోల్డెన్ కలెక్షన్' పేరుతో మొదటి వాల్యూమ్ తెచ్చింది. మొదటి 37 కార్టూన్లు, తీసిన వరుసలోనే ఉన్నాయి. అందరూ ఖుష్. రెండో వాల్యూమ్ 2013 జూన్‌లో అని ప్రకటించారు. తీరా లిస్ట్ చూస్తే 38వది 'మౌస్ క్లీనింగ్' లేదు. అంటే ఎక్కడ మొదలవ్వాలో ఆ కార్టూనే మాయం! 55వది 'కాసనోవా క్యాట్' కూడా లేదు. 2007లో వచ్చిన వేరే డీవీడీ సెట్‌లోనూ సరిగ్గా ఈ రెండే తప్పించారు. అందుకే ఈసారి కోపం ఇంకా ఎక్కువైంది.

ఇంతకీ వాటిలో ఏముంది?

'మౌస్ క్లీనింగ్' 1948లో వచ్చింది. చివర్లో టామ్ మీద బొగ్గు పడి ఒళ్లంతా నల్లగా మారుతుంది. అప్పుడు అప్పటి హాలీవుడ్ నల్లజాతివారిని వెక్కిరించడానికి వాడిన యాసలో మాట్లాడతాడు. 1951 నాటి 'కాసనోవా క్యాట్'లో టామ్ చుట్ట పొగ ఊది జెర్రీని నల్లగా చేసి, డ్యాన్స్ చేయిస్తాడు. తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లజాతివారిని ఎగతాళి చేసే నాటకాలు అమెరికాలో చాలాకాలం నడిచాయి. ఈ జోకులు అక్కడి నుంచి వచ్చినవే. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

కలెక్టర్లలో చాలామంది ఆ జోకుల్ని వెనకేసుకు రాలేదు. వాళ్ల వాదన వేరు. ఇది పెద్దవాళ్లు కొనే సెట్, ముందు ఒక హెచ్చరిక పెట్టి అసలుది అసలులా ఇవ్వండి అన్నారు. తప్పు చేసిన స్టూడియోనే ఆ తప్పు కనపడకుండా దాచేస్తే ఎలా అన్నది వాళ్ల ప్రశ్న. ఇందులో న్యాయం లేకపోలేదు. అదే వార్నర్ వేరే డిస్కుల మీద ఇలాంటి హెచ్చరికలు పెట్టింది కూడా. చివరికి ఆ రెండో వాల్యూమ్ మార్కెట్లోకి రానేలేదు. మొత్తం 114 కోతల్లేకుండా ఒకే సెట్‌గా రావడానికి 2025 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. అంటే 12 ఏళ్లకు పైగా!

సరే, ఫోన్‌లో ఉన్నాయి కదా, డిస్కే ఎందుకు?

టామ్‌ను చీపురుతో బాదే ఇంటావిడ గుర్తుందా? ఎప్పుడూ కాళ్లే కనిపిస్తాయి. అసలు కార్టూన్లలో ఆమె నల్లజాతి మహిళ. పేరు మామీ టూ షూస్, గొంతు లిలియన్ రాండాల్ఫ్‌ది. 1960ల్లో అమెరికా టీవీ కోసం కొన్ని కార్టూన్లలో ఆమెను చెరిపేసి, ఆ చోట సన్నటి తెల్లావిడ బొమ్మ గీశారు, గొంతూ మార్చారు. 1990ల్లో బొమ్మ అలాగే ఉంచి వేరే నటితో మళ్లీ డబ్బింగ్ చెప్పించారు. అంటే ఒకే కార్టూన్‌కు రెండు మూడు రూపాలున్నాయన్నమాట. మీరు చూసింది ఏదో మీకే తెలియకపోవచ్చు.

1954 నుంచి కొన్నింటిని సినిమాస్కోప్‌లో, అంటే వెడల్పు తెర కోసం తీశారు. పాత టీవీల్లో పట్టేలా పక్కలు కోసేస్తే, తరుముతున్న టామ్ కనిపిస్తాడు, పారిపోతున్న జెర్రీ ఫ్రేమ్ బయటే!

అలాగని డిస్క్ అంటే అంతా బంగారం అనుకోవద్దు. పాత ఫిల్మ్ మీద దుమ్ము, గీతలు పోగొట్టడానికి సాఫ్ట్‌వేర్ వాడతారు. వేగంగా కదిలే ఇంకు గీతను కూడా అది మురికే అనుకుని తుడిచేస్తుంది. పాత్ర పరిగెడుతుంటే కాలి గీత సగం మాయమవుతుంది. పాత కార్టూన్ల డిస్కుల మీద కలెక్టర్ల గోల్లో సగం దీని గురించే. కొనేముందు వాళ్లు ఒక్కో ఫ్రేమ్ ఆపి పోల్చి చూస్తారంటే నమ్మాలి.

ఇక స్ట్రీమింగ్ సంగతి. బగ్స్ బన్నీ ఉన్న పాత 'లూనీ ట్యూన్స్' కార్టూన్లను అమెరికాలో మ్యాక్స్ యాప్ 2025 మార్చిలో తీసేసింది. ఆ యాప్ వార్నర్‌దే, కార్టూన్లూ వార్నర్‌వే! తర్వాత అవి ఇంకో యాప్‌లో దొరికాయనుకోండి. కానీ నెలనెలా డబ్బు కట్టినవాళ్ల చేతిలో మిగిలిందేమీ లేదు. షెల్ఫ్‌లో ఉన్న డిస్కును మాత్రం ఎవరూ వచ్చి తీసుకెళ్లలేరు.

అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో అక్కతోనో తెప్పించుకుందాం అనుకుంటున్నారా? ఒక్క మాట. డీవీడీల్లో అమెరికాది రీజియన్ 1, మన దేశానిది రీజియన్ 5. బ్లూ-రేలో వాళ్లది ఏ, మనది సీ. రీజియన్ లాక్ లేని డిస్కులు కూడా చాలానే వస్తాయి. లాక్ ఉన్నది తెస్తే మాత్రం మన ప్లేయర్ తీసుకోదు. బాక్స్ వెనక ఆ గుర్తు చూశాకే కొనమని చెప్పండి.