డాష్‌బోర్డు వెనక దాగిన ఆకుపచ్చ

పాత జాగ్వార్ ఈ-టైప్ కారుకు మొదట ఉన్న ఆకుపచ్చే మళ్లీ వేయాలంటే, పని తెలిసినవాళ్లు ముందు బానెట్ జోలికి పోరు. అది అరవై ఏళ్లు ఎండకు ఎండిన రంగు. తలుపు లోపలి అట్ట ఊడదీస్తారు, డిక్కీలో కార్పెట్ ఎత్తుతారు, డాష్‌బోర్డు వెనక టార్చిలైటు వేసి వెతుకుతారు. వెలుతురు సోకని ఏ మూలనో అరచేయంత మేర ఫ్యాక్టరీ రంగు మిగిలి ఉంటుంది. పైన వేరే రంగులు పడి ఉంటే, నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపర్‌తో గుండ్రంగా రుద్దుతారు. పైన ఎరుపు, దాని లోపల తెలుపు, ఇంకా లోపల ముదురాకుపచ్చ, తర్వాత ప్రైమర్, నట్టనడుమ మెరిసే రేకు. నరికిన చెట్టు మొదట్లో వలయాల్లా కారు వయసంతా కనబడుతుంది.

బ్రిటిష్ రేసింగ్ గ్రీన్ అనే ఈ పచ్చ పుట్టింది పందేల్లో. దేశాల మధ్య జరిగే గోర్డన్ బెనెట్ కప్ కారు పోటీల్లో దేశానికో రంగు ఉండేది. ఫ్రాన్సుది నీలం, జర్మనీది తెలుపు. 1902లో సెల్విన్ ఎడ్జ్ నేపియర్ కారులో గెలిచి కప్పును బ్రిటన్‌కు తెచ్చాడు. మరుసటేడు పోటీ జరిపే బాధ్యత బ్రిటన్‌ది. ఇంగ్లండు రోడ్ల మీద పందేలకు చట్టం ఒప్పుకోలేదు కాబట్టి ఐర్లండ్‌లో పెట్టారు. ఆ నేల మీద గౌరవంతో బ్రిటిష్ కార్లు ఆకుపచ్చ వేసుకున్నాయంటారు. ఎంత ముదురు పచ్చ అన్నది మాత్రం ఎవరూ నిర్ణయించలేదు. బెంట్లీది ఒక పచ్చ, వాన్‌వాల్‌ది ఇంకో పచ్చ. 1961 మార్చిలో జాగ్వార్ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ కోవెంట్రీ నుంచి రాత్రంతా నడిపి జెనీవా మోటార్ షోకు చేర్చిన ఈ-టైప్‌దీ ఈ వంశమే. అందుకే ‘అసలైన బ్రిటిష్ రేసింగ్ గ్రీన్ ఏది’ అని అడిగి లాభం లేదు. ‘ఈ కారు మీద ఏది ఉండేది’ అనే అడగాలి.

అది దొరికినా చిక్కు తీరదు. మ్యాచింగ్ సెంటర్లో ట్యూబ్‌లైటు కింద చీరకు సరిగ్గా కలిసిన జాకెట్టు గుడ్డ, బయటికొచ్చి ఎండలో చూస్తే కలవదు. కారు రంగులోనూ అంతే. పాతకాలపు పచ్చల్లో చాలావాటిని ప్రష్యన్ బ్లూ, సీసం ఉన్న క్రోమ్ ఎల్లో కలిపి చేసేవారు. తర్వాత థాలోసయనిన్ అనే రంగు పదార్థం వచ్చింది. 1928లో స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్‌లో, గాజుపూత పగిలిన ఇనుప పాత్రలో అనుకోకుండా ఒక నీలి పదార్థం తేలింది. ఇనుము బదులు రాగి చేర్చితే చక్కటి నీలం, దానికి క్లోరిన్ పట్టిస్తే ఆకుపచ్చ. దాని అణువు అల్లిక ఆకులోని పత్రహరితానికి దగ్గరి చుట్టం కావడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఒక దీపం కింద ఈ రెండు పచ్చలూ కంటికి ఒకటిగానే తోచవచ్చు. కాని అవి తిప్పి పంపే కాంతి ఒకటి కాదు. స్పెక్ట్రోఫోటోమీటర్ ఆ గుట్టు పట్టేస్తుంది. సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా, ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత కాంతి తిరిగొచ్చిందో విడివిడిగా కొలుస్తుంది. కొలిచే ముందు ఆ మూల మిగిలిన పాత రంగుని పాలిషింగ్ కాంపౌండ్‌తో మెల్లగా రుద్దాలి. నైట్రోసెల్యులోజ్ లక్కర్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, ఆ పసుపు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

యంత్రం లెక్క ఇచ్చాక కూడా ఒక రేకుముక్క మీద కొట్టి, ఆరబెట్టి, కారు పక్కన పట్టుకుని పొద్దున్నా మిట్టమధ్యాహ్నమూ దీపాలు పెట్టాకా చూడాల్సిందే. డబ్బా మీది కోడ్ నంబరు నమ్మి కారంతా కొట్టేయడం నాకు నచ్చని పని. ఇక స్ప్రే గన్ చేతికి తీసుకునే ముందు, డాష్‌బోర్డు వెనక ఉన్న ఆ అరచేతి మేరకు మాస్కింగ్ టేపు అతికించాలి. ఇంకో యాభై ఏళ్లకు ఎవరో టార్చి వేసి వెతికేది దానికోసమే.