చీము టెస్టులో ‘నో గ్రోత్’.. అంటే ఇన్‌ఫెక్షన్ లేనట్టేనా? గాలి పడని బ్యాక్టీరియాతో ల్యాబ్‌లో తిప్పలివే!

అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయింది. చీము ల్యాబ్‌కు పంపారు. రిపోర్ట్‌లో ‘నో గ్రోత్’ అని వచ్చింది. కానీ పేషెంట్‌కు జ్వరం తగ్గలేదు. క్రిమే లేకపోతే ఇన్ని యాంటీబయాటిక్స్ ఎందుకన్నది ఇంట్లోవాళ్ల డౌట్.

క్రిమి ఉండే ఉండొచ్చు. మామూలు కల్చర్‌లో అది కనిపించదు, అంతే. బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ లాంటి అనేరోబిక్ బ్యాక్టీరియా మన పెద్దపేగులోనే ఉంటాయి. పేగుకు చిల్లు పడి బయటికొస్తేనే ప్రమాదం. వీటికి ఆక్సిజన్ పడదు. కొన్ని రకాలు గాలి తగిలితే చచ్చిపోతాయి, మరికొన్ని బతికినా గాలిలో పెరగవు. అందుకే దూది పుల్లతో తుడిచి పంపే శాంపిల్ కంటే, సిరంజితో లాగి గాలి తగలకుండా వెంటనే పంపిన చీము మేలు.

శాంపిల్ బాగా వచ్చినా ల్యాబ్‌లో పని తేలికేం కాదు. మూత బిగించిన జార్‌లో ఆక్సిజన్ మొత్తం తీసేయాలి. లోపల మిథిలీన్ బ్లూ రంగు పోయి తెల్లబడితేనే ఆక్సిజన్ పోయినట్టు లెక్క. ఏ మందు పనిచేస్తుందో చూడాలంటే, ఒక్కో ప్లేటులో ఒక్కో మోతాదులో యాంటీబయాటిక్ కలిపి, క్రిమిని వేసి దాదాపు 48 గంటలు ఆగాలి. ఏ మోతాదు దగ్గర పెరుగుదల ఆగిందో అదే లెక్క. దీన్నే ఎంఐసీ అంటారు. క్రిమిని విడిగా పెంచడానికి పట్టే రోజులు దీనికి అదనం. అన్నాళ్లు పేషెంట్ ఆగలేరు కదా! అందుకే డాక్టర్లు అంచనా మీదే మందు మొదలుపెడతారు.

ఆ అంచనాలో ముందుండే పేరు మెట్రోనిడజోల్. ఆక్సిజన్ లేని చోటే ఈ మందు విషంగా మారి క్రిమిని చంపుతుంది. అమికాసిన్, జెంటామైసిన్ వీటిపై పనిచేయవు. అవి క్రిమి లోపలికి వెళ్లాలంటే ఆక్సిజన్ కావాలి మరి.

ఇక్కడే ఓ చిక్కుంది. జార్ మూత సరిగా పడక కాస్త గాలి దూరినా మెట్రోనిడజోల్ పనిచేయనట్టు కనిపిస్తుంది. అంటే మంచి మందును ‘రెసిస్టెంట్’ అని రాసేసే ప్రమాదం ఉంది. అలాగని నిజమైన రెసిస్టెన్స్ లేదని కాదు. నిమ్ జీన్లున్న కొన్ని క్రిములు ఈ మందును తట్టుకుంటున్నాయి. క్లిండమైసిన్‌పై నమ్మకం ఇప్పటికే తగ్గింది.

కొంత ఊరట ఏంటంటే, యూరప్ సంస్థ యూకాస్ట్ 2022 నుంచి కొన్ని రకాల అనేరోబ్స్‌కు డిస్క్ టెస్టు ప్రమాణాలు ఇస్తోంది. ఇందులో సుమారు 18 గంటలకే రిజల్ట్ చూడొచ్చు. ‘నో గ్రోత్’ అని వచ్చినవాళ్లు మాత్రం అనేరోబిక్ కల్చర్ కూడా చేశారా అని డాక్టర్‌ను అడగొచ్చు. రిపోర్ట్ చూసి సొంతంగా మందులు ఆపేయొద్దు.